నూట పన్నెండో ముక్క

హార్లన్ ఫెర్రీ, పెన్సిల్వేనియా
1884 జూన్ 8

ప్రియమైన డెలియా,

ఈ ఉదయం పాలకూజా మీద కప్పిన గుడ్డ జారిపోయి, మీగడ మీద మిల్లు మసి పడింది. నేను చెంచా తెచ్చేలోపే మామయ్య ఆ పాలు కాఫీలో పోసుకున్నాడు. రెండు గుక్కలు తాగి, "ఇవాళ కాఫీ బాగా కుదిరిందమ్మా" అన్నాడు. కప్పు అంచు చుట్టూ నల్లగా తేలుతోంది. 

నీ పెళ్ళికి రాలేదని కోపంగా ఉన్నావని తెలుసు. మామయ్యను ఒక్కణ్ణే వదిలి రాలేకపోయాను. అమ్మ పోయాక నాకు ఉన్నదీ ఆయన ఒక్కడే.

ఇక్కడ ఏం చేస్తున్నావని అడిగావు. పొద్దున చర్చిలో మాస్ ప్రార్థనకు వెళ్తాను. తర్వాత సాయంత్రం దాకా ఉక్కు ముక్కలకు మెరుగు పెడతాను. నవ్వకు. మిల్లులో ఉక్కును కరిగించి దిమ్మలుగా పోస్తారు. ఆ దిమ్మలను సాగదీసి రైలు పట్టాలు చేస్తారు. ప్రతి పోతలోంచీ బిస్కెట్టంత ముక్క కోసి, ఆ పోత అంకె వేసి మామయ్యకు పంపుతారు. దాని పట్టాల మీదా అదే అంకె. ముక్కను ముందు గరుకు రాయి మీద, తర్వాత సన్నని గరుకు కాగితం మీద, చివరికి ఎర్రపొడి రాసిన తోలు చక్రం మీద అద్దంలా చేయాలి. ఆపైన పలుచని ఆమ్లం ఒక చుక్క. అప్పుడు సూక్ష్మదర్శిని కింద పెడితే లోపల ఒక ఊరు కనిపిస్తుంది. గోడలు, సందులు, పొలం గట్లు. చూసింది చూసినట్టు గీస్తాను. మన కాన్వెంటులో సిస్టర్ పెర్పెట్యువా నేర్పిన లేసు, బొమ్మలు ఇలా పనికొచ్చాయి.

మామయ్య కమ్మరి కొడుకు. కొలిమి దగ్గర పుట్టినవాడు జర్మనీలోని సాక్సనీ దాకా వెళ్ళి గనుల చదువు చదివాడు. తిరిగి వచ్చాక ముప్ఫై ఏళ్ళలో ఆరు మిల్లులు మారాడు. ఎక్కడికి వెళ్ళినా ఉక్కును విరగ్గొట్టి, విరిగిన చోట ఒకసారి చూసి, "మంచిదే" అనేవాళ్ళే. కోసి చూడాలి, లోపల చూడాలి అని ఈయన వాదన. నిన్న ఫోర్‌మన్ ప్రిచర్డ్ ముక్కలు తెచ్చి గుమ్మంలోంచే అరిచాడు.

"ఏం ప్రొఫెసరు గారూ, మా ఉక్కుకి జలుబు గానీ చేసిందా? నాలుక చూశారా?"

"చూశానయ్యా. జలుబు కాదు, నీ నోటి కంపు తగిలిందంతే" అన్నాడు మామయ్య.

ప్రిచర్డ్ పడీ పడీ నవ్వాడు. మామయ్యంటే ఆయనకు ఇష్టమే అనుకుంటాను.

మామయ్య జీవితమంతా ఒక పుస్తకం కోసం. ఉక్కు లోపలి రూపం గురించి. ఫిలడెల్ఫియాలో ఒకాయన అచ్చు వేస్తానన్నాడు. ఎనభై బొమ్మలు ఉంటాయి. గీసేది నేనైనా వాటి కింద మామయ్య పేరే ఉంటుంది. నాకు అదే ఇష్టం.

నీ
ఉర్సులా


లోగన్ క్రాసింగ్
1884 జూలై 2

మౌనముని ఉర్సులమ్మ గారికి,

ఉక్కు ముక్కల గురించి పేజీన్నర, నీ గురించి ఒకటిన్నర వాక్యం! ఆ ఊళ్ళో మగపిల్లలే లేరా, లేక వాళ్ళను కూడా కోసి ఆమ్లం చుక్క వేస్తేగానీ చూడవా?

కోపం పోయిందిలే. ఫెలిక్స్‌తో కాపురం చేసేవాళ్ళకు కోపం నిలవదు. ఇంట్లోకి రాగానే టోపీ తీసి వాళ్ళమ్మ తల మీద పెడతాడు. ఆవిడ తిడుతుంది. "సిగ్గులేని వెధవా, ఇంజను నడిపేవాడివా, సర్కసు కోతివా?" అంటుంది. టోపీ మాత్రం తియ్యదు. అవును, ఇప్పుడు వాడు ఉత్తర లోయ మార్గంలో ఇంజను డ్రైవరు. ఇరవై ఆరేళ్ళకే! నేను గొప్పలు చెప్పుకోకపోతే ఇంకెవరు చెప్పుకుంటారు?

అసలు సంగతి విను. మొన్న వాగు వంతెన మలుపు దగ్గర కొత్త పట్టాలు వేశారు. వాటి నడుము మీద మీ మిల్లు పేరు, పక్కన ఏవో అంకెలు. ఫెలిక్స్ దిగి మరీ చదివి వచ్చాడు. "మీ ఉర్సులా మెరుగు పెట్టిన ఉక్కు మీద నడుపుతున్నాను, జారిపడతానేమో" అంటాడు. వేళాకోళం పక్కన పెట్టి చెప్పు. మంచివేనా అవి? మీ మామయ్య చూశాడా?

సిస్టర్ పెర్పెట్యువా పేరెత్తి నన్ను మళ్ళీ ఆ గదిలోకి ఈడ్చావు. "మచ్చ కనబడితే ముందు నీ చెయ్యి చూసుకో." అబ్బ, ఆవిడ మాట! బిషప్ గారి కోసం అల్లిన లేసు గుర్తుందా? తప్పు ముడి వేసింది నేను. నువ్వేమో నీ చేతిదే అనుకుని ఒప్పేసుకుని, మధ్యాహ్నమంతా మోకాళ్ళ మీద కూర్చున్నావు. నేనైతే ముందు పక్కదాని చెయ్యి చూసేదాన్ని. చూశాను కూడా. అప్పుడు నోరు మూసుకున్నందుకు ఇప్పటికీ సిగ్గే.

నీ పాపి
డెలియా


హార్లన్ ఫెర్రీ
1884 ఆగస్టు 19

ప్రియమైన డెలియా,

ఫెలిక్స్‌కి చెప్పు. మామయ్య సంతకం లేకుండా ఒక్క పట్టా కూడా మిల్లు గేటు దాటలేదు.

నువ్వు అడిగావు కాబట్టి పూర్తిగా రాస్తాను. దిమ్మ చల్లారేటప్పుడు పైభాగం మధ్యలో కుంగి గుల్ల అవుతుంది, రొట్టెలో గాలి నిలిచినట్టు. అందుకే దిమ్మ తల నరికి పారేస్తారు. ఎంత నరకాలన్నదే గొడవ. మామయ్య మూరెడు అంటాడు. యజమాని జానెడు చాలంటాడు. వసంతంలో నా ఎదుటే మాటామాటా అనుకున్నారు.

"నరికి పారేసిన ఉక్కును ఎవరు కొంటారు లీబర్ట్, నువ్వు కొంటావా?"

"నరకకుండా వదిలేసిన ఉక్కు మనుషుల్ని చంపుతుందండీ."

చివరికి ఒక రాజీ కుదిరింది. జానెడే నరుకుతారు. కానీ నరికిన చోటికి ఆనుకుని ఒక ముక్క కోసి మామయ్యకు పంపుతారు. అందులో పగులు ఆనవాలు ఉంటే ఆ పోతంతా మళ్ళీ కొలిమిలోకి. అంటే ఆ ముక్క ఒక్కటే కాపలా.

పగులు అంటే పెద్దది అనుకోకు. తలవెంట్రుక కన్నా సన్నం. చేతిలో ఇసుక రేణువు జారితే పడే గీత కూడా అలాగే ఉంటుంది. రెండింటికీ తేడా ఎలా తెలుస్తుందో మామయ్య మొదటి వారంలోనే నేర్పాడు. "గీత కనబడగానే మెరుగుకి పరుగెత్తకమ్మా. ముందు ఆమ్లం వెయ్యి. గీత వెడల్పయిందా, అది ఉక్కుది. కాలేదా, అది నీది. మెరుగు అబద్ధాలకోరు. మెత్తని ఉక్కును లాగి పగులు మీద చర్మంలా కప్పేస్తుంది. ఆపైన ఆమ్లం వేసినా కనబడదు."

ఇంకొక మాట. ఇది నీకు తప్ప ఎవరికీ రాయలేను. మామయ్యకు చూపు పోతోంది. ముప్ఫై ఏళ్ళు కొలిమి మంటలోకి చూసిన కళ్ళు. నిరుటి శీతకాలం నుంచి సూక్ష్మదర్శినిలో ఆయనకు వెలుతురు తప్ప ఏమీ కనిపించదు. నేను చూసి చెబుతాను. ఆయన ప్రశ్నలు వేస్తాడు. ఎన్ని ప్రశ్నలో! గోడలు మందమా, మూలలు కోసుగా ఉన్నాయా, గుండ్రమా? తీర్పు ఆయనదే. మిల్లులో తెలిస్తే ఆ రోజే పంపేస్తారు. పుస్తకం ఆగిపోతుంది. ఎవరితోనూ అనకు. ఫెలిక్స్‌తో కూడా.

నీ
ఉర్సులా


లోగన్ క్రాసింగ్
1884 సెప్టెంబరు 14

ఉర్సులా,

ఎవరితోనూ అనను. సిలువ మీద ఒట్టు.

పాపం ముసలాయన. ఫెలిక్స్‌కి మాత్రం మొదటి సగం చదివి వినిపించాను, ఆ కాపలా ముక్క సంగతి. వాడు అంతా విన్నాడు. తర్వాత అన్నాడు, "అయితే నా ముందు ఒకమ్మాయి దారి చూసుకుంటూ నడుస్తోందన్నమాట. బాగుంది." వాడు వేళాకోళం చెయ్యకుండా అన్న మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. అందుకే రాస్తున్నాను.

మార్చిలో నాకు బిడ్డ పుడుతుంది. అత్తగారు ఇప్పటి నుంచే నన్ను మెట్లెక్కనివ్వడం లేదు. ఒక లేసు టోపీ అల్లిపెట్టు. ముళ్ళన్నీ నీవే అయి ఉండాలి.

డెలియా


లోగన్ క్రాసింగ్
1885 జనవరి 17

ఉర్సులా,

ఫెలిక్స్ చనిపోయాడు.

పదమూడో తేదీ పొద్దున, వాగు వంతెన మలుపు దగ్గర. ఆ రోజు చలికి బావిలో చేద కూడా గడ్డకట్టింది. పట్టా విరిగింది. ఇంజను వాగులోకి పోయింది. వాడూ, బొగ్గు వేసే ముసలి టోబియాసూ. వెనక పెట్టెలు గట్టు మీదే ఆగాయట. అందరూ అదే చెబుతున్నారు, పెట్టెలు ఆగాయి, పెట్టెలు ఆగాయి అని.

విరిగిన పట్టా ముక్కలను స్టేషనుకి తెచ్చారు. నేను వెళ్ళి చూశాను. వద్దన్నా వెళ్ళాను. చివర నుంచి చివర దాకా నడిమధ్యలో చీలిపోయింది, కట్టెపుల్లలా. లోపల తుప్పు లేదు, నల్లగా, నున్నగా ఉంది. పుట్టినప్పటి నుంచీ ఉన్న చీలిక అని స్టేషను మాస్టరు అన్నాడు. పక్కన మీ మిల్లు పేరు. అంకె 112.

ఎవరు చూశారు దాన్ని?

డెలియా


హార్లన్ ఫెర్రీ
1885 జనవరి 24

ప్రియమైన డెలియా,

ఫెలిక్స్ ఆత్మశాంతికి ఈ వారమంతా మాస్ చెప్పించాను. ఏం రాయాలో తెలియడం లేదు.

మిల్లుకు కబురు వచ్చింది. విచారణ ఉంటుందట. మామయ్య ఆ రోజు నుంచి తిండి ముట్టడం లేదు. నూట పన్నెండో పోత బొమ్మ బయటికి తీశాం. మే ఏడో తేదీది. అందులో గోడలు సమంగా ఉన్నాయి, ఎక్కడా గీత లేదు. ఇది నిజం. కావాలంటే బొమ్మ పంపిస్తాను.

విచారణలో ఏమని చెబుతావని అడిగాను. "నేనే చూశానని చెబుతాను. సంతకం నాది కదమ్మా" అన్నాడు. నన్ను అక్కడ నోరు విప్పవద్దన్నాడు.

టోపీ పూర్తయింది. పంపనా, వద్దా?

ఉర్సులా


లోగన్ క్రాసింగ్
1885 మార్చి 22

ఉర్సులా,

టోపీ పంపకు.

నీ జనవరి ఉత్తరాన్ని ఎన్నిసార్లు చదివానో. గుమస్తా రాసినట్టు ఉంది. గోడలు సమంగా ఉన్నాయట. నేను అడిగింది గోడల గురించా?

విచారణ రోజున నువ్వు వెనక బల్ల మీద కూర్చున్నావు. నల్ల గౌను, చేతిలో జపమాల. ఒక్కసారైనా నా వైపు చూస్తావని చూశాను. ఎనిమిదో నెల కడుపుతో అంత దూరం బండిలో కుదుపుకుంటూ వచ్చింది నీ మొహం చూడ్డానికే. నువ్వు తల ఎత్తలేదు.

తర్వాత జరిగింది నువ్వూ చూశావు. అయినా రాస్తాను. ఎందుకంటే ఆ మాట అన్నది నేను.

"ఈ ముక్కను మీరే పరీక్షించారా మిస్టర్ లీబర్ట్?" అని అడిగాడు విచారణ సంఘం అధ్యక్షుడు.

"నేనే."

"మీ కళ్ళతో చూశారా?"

"నా కళ్ళతోనే చూశానండీ."

అంత పెద్దమనిషి, తెల్లగడ్డం, బైబిలు మీద చెయ్యి పెట్టి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఫెలిక్స్ వాగులో పడి పోయాడు, ఈయన ఇంకా పుస్తకాన్ని కాపాడుకుంటున్నాడు అనిపించింది. లేచి నిలబడి అరిచాను. "అబద్ధం! ఆయనకు చూపు లేదు! ఏడాది నుంచీ లేదు!"

మిల్లు లాయరు ఒక కాగితం తీసి ముసలాయన చేతిలో పెట్టాడు. "పెద్దగా చదవండి, అందరూ వింటారు." ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయానన్నాడు. అప్పుడు లాయరు ఆ కాగితాన్ని అందరికీ ఎత్తి చూపించాడు. అది తెల్లకాగితం.

కొందరు నవ్వారు. మీ ఫోర్‌మన్ నవ్వలేదు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత దిమ్మ తలల సంగతి ఎవరైనా ఎత్తారా? జానెడా, మూరెడా అని అడిగారా? లేదు. గుడ్డివాడు సంతకం పెట్టాడు, అంతే. యజమాని మా అత్తగారికి వంగి నమస్కారం పెట్టి మరీ వెళ్ళాడు.

నేను ఒట్టు తప్పాను. అందుకు పశ్చాత్తాపపడాలని ఉంది, రావడం లేదు. ఆయన మొహం మాత్రం కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. కాగితాన్ని అంత జాగ్రత్తగా పట్టుకున్నాడు, చిరుగుతుందేమో అన్నట్టు.

మొన్న పదకొండున బాబు పుట్టాడు. వాళ్ళ నాన్న చెవులు.

ఒక్క మాట అడుగుతున్నాను. ఇంకెప్పుడూ అడగను. ఆయన చూడలేదు, సరే. నువ్వు చూశావు కదా. నువ్వేం చూశావు?

డెలియా


హార్లన్ ఫెర్రీ
1885 ఏప్రిల్ 20

డెలియా,

మామయ్య ఈ నెల తొమ్మిదిన పోయాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. చివరి ప్రార్థనకు ఫాదర్ సమయానికి వచ్చారు.

నీ మీద ఆయనకు కోపం లేదు. విచారణ నుంచి ఇంటికి వచ్చేటప్పుడు బండిలో ఒక్కమాటే అన్నాడు. "ఆ పిల్ల నిజమే చెప్పింది. నిజం చెప్పేవాళ్ళను తిట్టకూడదమ్మా."

మిల్లు నుంచి తీసేశారు. ఫిలడెల్ఫియా నుంచి ఎనభై బొమ్మలూ తిరిగి వచ్చాయి, కట్టిన దారం కూడా విప్పకుండా. చూపు లేని మనిషి చూసిన బొమ్మలు అచ్చు వేస్తే నవ్వుతారని రాశారు. ఆ ఉత్తరం నేనే చదివి వినిపించాలి. సగం చదివి ఆపాను. "మిగతాది నాకు తెలుసులే" అన్నాడు.

తర్వాత మంచం మీద కూర్చుని నూట పన్నెండో ముక్కను తెమ్మన్నాడు. రోజూ అడిగేవాడు. దాని మీద గోటితో మెల్లగా గీరి చూసేవాడు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. ఒకరోజు అడిగాడు.

"ఆ రోజు ఏమైనా తేడాగా అనిపించిందా తల్లీ? బాగా గుర్తు తెచ్చుకో."

"లేదు మామయ్యా. ఎప్పటిలాగే."

"ఎప్పటిలాగేనా?"

"ఎప్పటిలాగే."

"అయితే తప్పు నా పద్ధతిదే" అన్నాడు. ముక్కను దిండు కింద పెట్టుకున్నాడు. "ముప్ఫై ఏళ్ళు తప్పుడు పద్ధతి కోసం పోట్లాడానన్నమాట. విరగ్గొట్టి చూసేవాళ్ళదే నిజమేమో." ఆ తర్వాత ఉక్కు గురించి మాట్లాడలేదు. అలా నమ్మే పోయాడు.

సమాధి దగ్గరికి మిల్లు నుంచి ప్రిచర్డ్ ఒక్కడే వచ్చాడు. టోపీ చేత్తో నలుపుతూ నా పక్కన నిలబడ్డాడు.

"ప్రొఫెసరు గారు లేకపోతే మిల్లు బోసిగా ఉందమ్మా. ఎవరి మీద జోకులెయ్యను?"

నేను తల ఊపాను.

"ముక్కలు కొయ్యడం ఆపేశారు తెలుసా? పనికిరాని పద్ధతని విచారణలో తేలిందిగా అంటున్నారు. దిమ్మ తల జానెడు కూడా కాదు, బెత్తెడే నరుకుతున్నాం. నిన్న కూడా రెండు బళ్ళ నిండా పట్టాలు పోయాయి మీ స్నేహితురాలి ఊరి వైపే. వంతెన మీద వెయ్యడానికట."

డెలియా, అప్పటికి నేను నోరు మూసుకుని మూడు నెలలు. మొదట మామయ్య వద్దన్నాడు కదా అనుకున్నాను. తర్వాత ఆయన అడిగినప్పుడు చెప్పలేకపోయాను. ఆయన పోయాక ఇక చెప్పి ఎవరికి లాభం అనుకున్నాను. ప్రిచర్డ్ మాట విన్నాక అలా అనుకోవడానికి ఏమీ మిగలలేదు. ఆయన పద్ధతి తప్పు కాదు. ఆ కాపలా పనిచేసింది. ముక్క తను చెప్పాల్సింది చెప్పింది.

నిన్న విచారణ సంఘానికి ఉత్తరం రాశాను. రైలు సంస్థకు ఒక ప్రతి, ఫిలడెల్ఫియాకు ఒక ప్రతి. యజమానికి కూడా. కింద నా పేరు పూర్తిగా రాశాను. బిషప్ గారి లేసు సంగతి అందులో రాయలేదు. అది నీకూ నాకూ తెలిస్తే చాలు.

క్షమించమని అడగను. నీ బాబు పెద్దవాడై అడిగితే ఈ కాగితం చూపించు. నువ్వు అడిగినదానికి జవాబు, వాళ్ళకు రాసిన మాటల్లోనే రాస్తున్నాను.

మే ఏడో తేదీ ఉదయం, మొదటి మెరుగు తర్వాత, నూట పన్నెండో ముక్క మధ్యలో ఒక సన్నని గీత ఉంది. అది నా చేతి గీత అనుకుని, ఆమ్లం వేయకుండా, ఎవరికీ చెప్పకుండా, గీత పోయేదాకా మళ్ళీ మెరుగు పెట్టాను.